ముఖము సాక్ష్యమగునా?

అపరాధ పరిశోధక నవల యన్న మన పండితులలో ననేకులకు చులకన. రైలుబండిలో చదివి, దిగునపుడు బల్లమీద విడిచిపోదగిన వస్తువని వారి యభిప్రాయము. ఆ యభిప్రాయము కేవలము నిరాధారమని నేనును చెప్పజాలను. ఈ జాతి నవలకు ఇంగ్లండులో నొక కట్టుబాటు ఏర్పడియున్నది: ఒక పల్లెటూరి భవనము, అందొక శవము, అయిదాఱుగురు అనుమానితులు, తుదకు అందఱను ఒక గదిలో కూర్చుండబెట్టి గుట్టు విప్పుట. నెత్తురు కంటబడదు, చదువరి నిద్ర చెడదు. పరిశోధకుడు పోలీసువాడే కానక్కఱలేదు. కళాశాలలోని ఆచార్యుడో, పుస్తకములలో మునిగియుండు పండితుడో యైనను చాలును. ఇట్టి రచనలు పొద్దుపుచ్చును గాని బుద్ధిని కదలింపవు. అయినను ఈ కట్టుబాటులోనే యుండి, సాక్ష్య మనగా నేమి, నింద యెట్లు పుట్టును, పుట్టిన నింద యెట్లు చరిత్రయై కూర్చుండును అని యడిగిన నవల యొకటి కలదు. దానిని గూర్చి చదువరులతో నాలుగు మాటలు చెప్పవలెనని చాలకాలముగా ననుకొనుచున్నాను.

అది జోసెఫిన్ టే వ్రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’. సత్యము కాలమునకు కూతురన్న పాత సామెతనుండి ఆ పేరు పుట్టినది. కావున ఈ వ్యాసమున దానిని ‘కాలపుత్రిక’ యని వ్యవహరింతును. 1951వ సంవత్సరమున వెలువడినది. జోసెఫిన్ టే యనునది కలముపేరు. గ్రంథకర్త్రి అసలు పేరు ఎలిజబెత్ మెకింటాష్. ఆమె 1896లో స్కాట్లండులోని ఇన్వర్నెస్ పట్టణమున జన్మించి, కొంతకాలము వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసి, 1952లో మరణించెను. 1990లో బ్రిటిషు అపరాధ రచయితల సంఘమువారు ఈ జాతి నవలలనుండి నూఱింటిని ఏరి, వానిలో దీనికే ప్రథమస్థాన మిచ్చిరి.

కథ యనదగినది మిక్కిలి స్వల్పము. స్కాట్లండు యార్డు ఇన్‌స్పెక్టరు అలన్ గ్రాంటు ఒక నేరస్థుని తఱుముచు నేలతలుపులోనుండి క్రిందబడి, కాలు విఱుగగొట్టుకొని, ఆసుపత్రిలో వెల్లకిల పరుండియుండును. పైకప్పును చూచి చూచి విసుగెత్తును. ముఖములు చూచి మనుష్యుల గుణము గ్రహించుటలో అతడు నేర్పరియని యెఱిగిన మార్తా హాలర్డు అను నటి, చరిత్రలో తేలని చిక్కులకు సంబంధించినవారి చిత్రపటములు కొన్ని తెచ్చి యిచ్చును. అందొక ముఖమును చూచి గ్రాంటు, ఇతడు న్యాయాధిపతియై యుండవలెనని యూహించును. వెనుకకు త్రిప్పి చూచునప్పటికి అది మూడవ రిచర్డు పటము! ఇద్దఱు పసిబాలురను, స్వయముగా తన యన్నకొడుకులను, చంపించిన రాక్షసుడని ఇంగ్లండులో బడిపిల్లలు సైత మెఱిగిన రాజు. ఇచ్చటినుండి నవల మొదలగును. హత్య జరిగినదన్న కాలమునుండి నాలుగువందల అరువదేండ్లకు పైగా గడచినవి. సాక్షులందఱు మట్టిలో గలసిరి. బ్రిటిషు మ్యూజియములో పరిశోధనచేయు బ్రెంట్ కారడైన్ అను అమెరికా యువకుడు గ్రాంటునకు కాళ్లై తిరిగి పత్రములు వెదకి తెచ్చును. మంచముమీదివాడు వానిని పరీక్షించును. నవల యంతయు ఇంతియే.

ఇంగ్లండు చరిత్రతో పరిచయము లేనివారి కొఱకు ఆ పూర్వకథను సంగ్రహింతును. 1483 ఏప్రిలులో నాలుగవ ఎడ్వర్డు మరణించెను. అతని పెద్దకొడుకు అయిదవ ఎడ్వర్డు పండ్రెండేండ్లవాడు. రెండవ కుమారుడు తొమ్మిదేండ్లవాడు. పినతండ్రి రిచర్డు రాజ్యసంరక్షకుడయ్యెను. కొలది వారములలోనే, నాలుగవ ఎడ్వర్డు పూర్వమే ఎలియనార్ బట్లర్ అను నామెకు వివాహవాగ్దానము చేసియుండెను గాన రాణితో జరిగిన పెండ్లి చెల్లదనియు, ఆమె బిడ్డలు రాజ్యార్హులు కారనియు వాదము బయలుదేరెను. జూన్ 26న సంరక్షకుడే రాజ్యము గ్రహించెను. లండను టవరు దుర్గములో నుంచబడిన ఆ బాలురు ఆ యేడు వేసవి తరువాత మఱి యెవ్వరికిని కనబడలేదు. 1485 ఆగస్టు 22న బాస్వర్తు యుద్ధమున రిచర్డు హతుడయ్యెను. గెలిచిన హెన్రీ ట్యూడరు ఏడవ హెన్రీ యయ్యెను. తరువాత చరిత్ర వ్రాసినవారు గెలిచినవాని నీడలో నున్నవారు.

గ్రాంటు చేతికి మొదట చిక్కినవి ఒక నర్సు బడిలో చదివిన చరిత్ర పుస్తకములు. వానిలో కథ యున్నది, సాక్ష్యము లేదు. ఈ కథ యెచ్చటిదని వెదకికొని పోగా సర్ థామస్ మోర్ వ్రాసిన గ్రంథము తగులును. షేక్స్పియరు నాటకమునకును మూలమునకు పోయినచో అదియే యాధారము. మోర్ సామాన్యుడు కాడు. తాను నమ్మిన ధర్మముకొఱకు 1535లో తల యొగ్గిన మహనీయుడు. అట్టివాని మాటను కాదనువా రెవరు? కాని గ్రాంటు పోలీసువాడు. అతడొక చిన్న లెక్క వేయును. మోర్ పుట్టినది 1478లో. రిచర్డు రాజగునప్పటికి అయిదేండ్ల బాలుడు, చనిపోవునప్పటికి ఏడేండ్లవాడు. అతడు చూచిన దేమియు లేదు, అంతయు విన్నదే. ఎవరివలన విన్నాడు? బాల్యమున తాను పరిచారకుడుగా నుండిన జాన్ మోర్టన్ గృహమునందు. ఈ మోర్టన్ రిచర్డునకు బద్ధశత్రువు. ఏడవ హెన్రీ కాలమున కాంటర్బరీ ప్రధానాచార్యుడైనవాడు.

ఈ ఘట్టము చదువునపుడు నాకు మన నైయాయికులు గుర్తునకు వచ్చిరి. ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమని వారు చెప్పుదురు. ఆప్తు డనగా మంచివాడని మాత్రమే యర్థము కాదు. వస్తువును స్వయముగా నెఱిగినవాడై, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పగోరువాడు ఆప్తుడు. రెండవ లక్షణము మోర్ యందు సంపూర్ణముగా నుండవచ్చును; మొదటిది లేదు. సాధుత్వము సాక్ష్యము కాదు. మన సంఘములో నెన్ని యపవాదములు ‘పెద్దమనిషి చెప్పినాడు’ అన్న మాట మీదనే నిలిచియున్నవో తలచుకొన్నచో, ఈ చిన్న వివేకము ఎంత పెద్దదో తెలియును.

తరువాత గ్రాంటు మాటలను విడిచి పనులను చూచును. బాలుర తల్లి 1484లో శరణాలయమునుండి వెలికివచ్చి, తన కూతులను రిచర్డు ఆస్థానమునకు పంపెను. తన కొడుకులను చంపినవాని యింటికి తల్లి కూతులను పంపునా? బాలుర యనర్హతను స్థిరపఱచిన శాసనమును చదువకయే రద్దు చేయవలెననియు, దాని ప్రతులను నాశనము చేయవలెననియు ఏడవ హెన్రీ యాజ్ఞాపించెను. ఏల? ఆ బాలుర యక్కను తాను పెండ్లాడవలెను. ఆమె న్యాయసంతానము కావలెను. అక్క న్యాయసంతానమైనచో తమ్ములును న్యాయసంతానమే కదా! వారు బ్రదికియున్నచో రాజ్యము వారిది. కావున వారి చావువలన లాభము రిచర్డునకు గాక హెన్రీకే యని గ్రాంటు తేల్చును. హెన్రీ తన పరిపాలనను యుద్ధమునకు ముందటి దినమునుండి లెక్కించి, తమ రాజు పక్షమున పోరాడినవారినే రాజద్రోహులనుగా చేసిన విషయము సైతము ఇచ్చట వచ్చును. ఇది నిజముగా జరిగిన సంగతి.

ఈ వాదమును నడపుటలో గ్రంథకర్త్రి చూపిన నేర్పు మెచ్చదగినది. పరుగులు లేవు, పిస్తోళ్లు లేవు. ఒక పత్రము మీది తేదీ కథను మలుపు త్రిప్పును. మంచముమీద కదలలేనివాని చేత నడపబడిన యీ కథ, పరుగులెత్తు కథలకంటె నెక్కువ వేగముగా చదివించును. 1989లో కాలిన్ డెక్స్టరు తన మోర్స్ అను పరిశోధకుని ఆసుపత్రి మంచముమీద పరుండబెట్టి, 1859నాటి హత్యను విచారింపజేసినపుడు ఈ మార్గమునే త్రొక్కెను. గ్రంథములను శోధించువాడును నేరమును శోధించువాడును ఒకే పని చేయుచున్నారని జనసామాన్యమునకు తెలియజెప్పినది ‘కాలపుత్రిక’. ఇది చిన్న యుపకారము కాదు.

ఇంతవఱకు మెచ్చుకోలు. ఇక నా యాక్షేపణ చెప్పవలెను. ఈ నవల యే ధర్మమును బోధించుచున్నదో ఆ ధర్మమును తానే పాటింపలేదు.

మొదటి తప్పు మొదటి ప్రకరణములోనే యున్నది. గ్రాంటునకు సందేహము పుట్టినది పత్రమువలన కాదు, ముఖమువలన. ఇట్టి ముఖము గలవాడు హంతకుడు కాజాలడన్న తలంపే నవలకు పునాది. మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకము చదివినవారికి ఇది క్రొత్త కాదు. వసంతసేనను చంపెనన్న నేరము మీద చారుదత్తుని సభకు రప్పింపగా, న్యాయాధికారి అతని ముఖమును చూచి, ఇట్టి యాకృతి నేరమునకు తావు కాదని తలచును. ఆ తలంపు నిజమే యగును; ఏలయన శూద్రకుడు చారుదత్తుని నిర్దోషిగా సృష్టించెను. వసంతసేన బ్రదికి వచ్చును. లోకమున మన ముఖములను గుణమున కనుగుణముగా దిద్దు కవి యెవడును లేడు. విచిత్రమేమనగా, ఈ సత్యమును నవలయే చూపుచున్నది. అదే పటమును చూచి నర్సు కాలేయవ్యాధి యనును. శస్త్రవైద్యుడు పోలియో యనును. పోలీసు సార్జంటు న్యాయపీఠ మనును. ఎవరి వృత్తి వారికి ఆ ముఖమున కనబడినది. ఇంత చక్కగా వ్రాసిన గ్రంథకర్త్రి, దానినుండి రావలసిన సిద్ధాంతమును మాత్రము తీయలేదు.

అంతేకాదు. నేడు మిగిలియున్న రిచర్డు పటములన్నియు అతని మరణానంతరము చిత్రింపబడిన ప్రతులు. రాజకుటుంబము వారి సేకరణలోని పటమున భుజము తరువాత ఎత్తుగా దిద్దబడెనని ఎక్స్-రే పరీక్షవలన తెలిసినది. అనగా గ్రాంటు ప్రత్యక్షమనుకొన్నది ప్రత్యక్షము కాదు. మోర్ మాటవలెనే అదియును చేతులు మాఱి వచ్చిన సాక్ష్యమే. మోర్‌ను త్రోసివేసిన తర్కము పటమును సైతము త్రోసివేయవలసియుండెను.

రెండవ తప్పు పూర్వపక్షము లేకుండుట. మన శాస్త్రకారులు ప్రతిపక్షి వాదమును ప్రతిపక్షికంటె గట్టిగా చెప్పి, తరువాతనే సిద్ధాంతము చేయుదురు. ఈ నవలలో గ్రాంటును ఎదిరించి నిలుచు బుద్ధిశాలి యొక్కడును లేడు. కారడైన్ తెచ్చిన ప్రతి పత్రము గ్రాంటు పక్షమునే చేరును; గ్రాంటు పలికిన ప్రతి మాటకు కారడైన్ ఉప్పొంగును. ఇది తర్కదోషమే కాదు, కథాదోషము కూడ. ఎదురులేని వాదములో ఉత్కంఠ సన్నగిల్లును.

ప్రతిపక్షికి చెప్పదగినది లేకపోలేదు. డొమినిక్ మాంచిని యను ఇటలీ దేశీయుడు 1483లో లండనులో నుండి, ఆ సంవత్సరము ముగియకముందే తన వృత్తాంతమును వ్రాసెను. బాలరాజు పేరు వినగానే కన్నీరు కార్చినవారిని తాను చూచితిననియు, అతడు చంపబడెనన్న యనుమానము అప్పుడే యుండెననియు అందు కలదు. అది హత్యకు ఋజువు కాదు. కాని ఆ యనుమానము హెన్రీ వచ్చిన తరువాత పుట్టింపబడినది కాదని చూపుటకు చాలును. ఈ వృత్తాంతము 1936లోనే అచ్చయినది. పదునేనేండ్ల తరువాత వచ్చిన నవలలో దాని ప్రసక్తి లేదు. మఱియు, 1485లో రిచర్డును దోషిగా ప్రకటించిన శాసనములో బాలుర హత్య మాటయే లేదని గ్రాంటు గొప్ప యాధారముగా చెప్పును. బాలుర పేర్లు లేని మాట నిజమే. కాని శిశువుల రక్తము చిందించెనన్న నింద ఆ శాసనమున నున్నది. సగము చెప్పిన సత్యము న్యాయస్థానమున నిలువదు.

మూడవది, టోనీపాండీ సంగతి. జరగని ఘోరమును జరిగినట్లు జనులు నమ్ముటకు గ్రాంటు ఈ వేల్సు గ్రామము పేరు పెట్టును. 1910లో అచ్చట గనికార్మికులను సైనికులు కాల్చిచంపిరన్నది కట్టుకథ యనియు, జరిగినది స్వల్పమైన కొట్లాట మాత్రమే యనియు అతని వాదము. టోనీపాండీలో సైనికులు కాల్పులు జరుపలేదన్నది నిజము. కాని సైన్యము ఆ లోయలోనికి వచ్చినది. పోలీసులతో జరిగిన ఘర్షణలలో పెక్కురు గాయపడిరి. శామ్యూల్ రీస్ అను కార్మికుడు తలదెబ్బలవలన మరణించెను. కట్టుకథను ఖండించు తొందరలో ఒక మనుష్యుని చావు కనుమఱుగైనది.

మన దేశచరిత్రనుండి ఇట్టిదే యొకటి చెప్పవచ్చును. 1756లో కలకత్తా చీకటికొట్టులో 146 మందిని బంధింపగా 123 మంది ఊపిరాడక చచ్చిరని బ్రదికి బయటపడిన హాల్వెల్ వ్రాసెను. మన తాతలు బడిలో దానిని వల్లెవేసిరి. తరువాతి చరిత్రకారులు ఆ సంఖ్యను చాలవఱకు తగ్గించిరి. కొందఱు అసలు అట్టిది జరుగనే లేదనిరి. దాని స్మారకస్తంభమును 1940లో ప్రజాందోళనమువలన నడివీథినుండి తొలగించిరి. తొలగింపవలసినదే. కాని పెంచి చెప్పిన సంఖ్య అబద్ధమైనంత మాత్రమున, ఆ రాత్రి చచ్చినవారు చావనివారు కారు. ఒక యసత్యమును వదలి దాని కెదురుగానున్న యసత్యమును కౌగిలించుకొనుట మనస్సునకు మిక్కిలి సులభము.

ఈ సౌలభ్య మెంత ప్రమాదకరమో నేను నా తరగతిలో నేర్చుకొంటిని. పదునేనేండ్ల క్రిందట ఒక విద్యార్థి జామెట్రీ పెట్టె పోయినది. చివరి బల్లమీద నొక బాలుడు కూర్చుండెడివాడు. ముభావి, కన్నెత్తి చూడడు. ఆ ముఖమును చూచి నేను నిశ్చయించుకొంటిని. అందఱియెదుట అతని సంచి విప్పించితిని. ఏమియు లేదు. అయినను నా నమ్మకము చెదరలేదు, ఎచ్చటనో దాచెననుకొంటిని. మూడవనాడు ఆ పెట్టె బీరువా వెనుక దొరికినది. పోగొట్టుకొన్నవాడే అచ్చట మఱచిపోయెను. పెట్టె దొరికినదని తరగతికి చెప్పితిని గాని, నేను పొరపడితినని చెప్పలేదు. అటుపిమ్మట సిగ్గువలన ఆ బాలునిపై నాకు జాలి కలిగినది. ఏ తగవు వచ్చినను అతని పక్షమే తీర్పు చెప్పసాగితిని. ఒకమాఱు అట్లు చెప్పిన తీర్పువలన వేఱొక నిరపరాధి బాలుడు దెబ్బలు తినెను. రెండు తప్పులును నావే. మొదటిది ముఖము చూచి చేసినది; రెండవది మొదటిదానికి ప్రాయశ్చిత్త మనుకొని చేసినది. గ్రాంటు రిచర్డును విడిపించి, అదే యూపుతో హెన్రీ మెడకు ఉరి తగిలించినపుడు నాకు ఆ రెండవ బాలుడు గుర్తునకు వచ్చెను.

నవల చివర నొక చక్కని ఘట్టము కలదు. తాము కనిపెట్టినది క్రొత్తది కాదని కారడైన్ తెలిసికొని కుంగిపోవును. పదునేడవ శతాబ్దమున జార్జి బక్ రిచర్డును సమర్థించెను. 1768లో హొరేస్ వాల్పోల్ సందేహములు ప్రకటించెను. పిమ్మట మార్కమ్ సమర్థించెను. అయినను బడిపుస్తకము మాఱలేదు. నవలలోని మిక్కిలి నిజమైన మాట ఇదియే యని నా యభిప్రాయము. ఋజువైనంత మాత్రమున సత్యము గెలువదు. దానిని తరమునకు తరము మరల మరల చెప్పుచుండవలెను. బడిపంతులుగా నాకు ఇందులో హెచ్చరికయు నున్నది, పనియు నున్నది.

కాలము తన వంతు సాక్ష్యమును తరువాత నిచ్చెను. రిచర్డు కీర్తిని నిలబెట్టుటకు 1924లో నొక సంఘ మేర్పడియుండెను. ‘కాలపుత్రిక’ చదివి ఆ పక్షమున చేరినవా రనేకులు. అట్టి యభిమానుల పట్టుదలవలన 2012లో లెస్టరు నగరమున, కార్లు నిలుపు స్థలము క్రింద, త్రవ్వకములు జరిగి ఒక యస్థిపంజరము బయటపడినది. 2013 ఫిబ్రవరిలో అది రిచర్డుదే యని విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. 2015 మార్చిలో లెస్టరు ప్రధానాలయమున సమాధి చేసిరి. ఎండిపోయిన చేయి యన్నది అబద్ధమని ఆ యెముకలు చెప్పినవి. కాని వెన్నెముక వంకరగా నున్నది. ఆ వంకర శత్రువుల కల్పన యని యభిమానులు చాలకాలము నమ్మియుండిరి. కాలము కన్న కూతురు ఈ పక్షమువారి పోలికయు గాక, ఆ పక్షమువారి పోలికయు గాక పుట్టినది.

బాలుర సంగతి ఆ యెముకలు చెప్పలేదు. 1674లో టవరు దుర్గమున దొరికిన చిన్న యెముకలను 1933లో పరీక్షించిరి గాని, అవి వారివే యని నేటికిని నిశ్చయము కాలేదు. కావున మన మేమనవలెను? తెలియదనవలెను. ఆ మాట అనుటకు గ్రాంటునకు ధైర్యము చాలలేదు. అపరాధ పరిశోధక నవలకు నేరస్థుడు దొరకవలెనన్న కట్టుబాటు అతనిని బంధించెను.

అయినను చదువరులారా, ఈ నవలను చదువుడు. మీ పిల్లల చేత చదివింపుడు. చదివినపిమ్మట గ్రాంటు మోర్‌ను అడిగిన ప్రశ్నలనే గ్రాంటును అడుగుడు: నీవు చూచితివా? ఎవరు చెప్పగా వింటివి? ఎదుటివాని మాట పూర్తిగా వింటివా? ఆ ప్రశ్నలను మనకు నేర్పినది ఈ నవలయే. ఇల్లు దాటి వీథిలోనికి పోయినపుడు, ఒకనిని గూర్చి నలుగురు నాలుగు మాటలు చెప్పుచుండగా విన్నపుడు, ఈ మూడు ప్రశ్నలు మన నోట వచ్చినచో జోసెఫిన్ టే శ్రమ ఫలించినట్లే.